కుడికి తిరగని జీపు

గన్నవరం ఎయిర్‌పోర్టులో మా జీఎం గారిని ఎక్కించుకుని, చేపల చెరువు చూపిస్తానని చెప్పి, తిన్నగా గేదెల దొడ్లోకి తీసుకెళ్లిన మనిషిని నేనే. ఆఫీసులో ఈ కథ నలుగురు నాలుగు రకాలుగా చెబుతున్నారు కాబట్టి అసలు జరిగింది మీరు నా నోటే వినండి. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

తొంభైల్లో మాట. సెల్ ఫోన్లు ఇంకా మా దాకా రాలేదు. నేను చేపల మేత అమ్మే కంపెనీలో సేల్స్ చూసేవాణ్ని. నాకో పాత జీపు ఉండేది. వానాకాలం చెరువు గట్ల మీదకెళితే పొట్ట బురదకి ఆనేది, చక్రాలు గాల్లో తిరిగేవి. అంతలో హైదరాబాద్ హెడ్ ఆఫీసు నుంచి ఫోను. విజయవాడలో డిపో పెడతారట, దాన్ని ఎవరికి అప్పగించాలో చూడ్డానికి జీఎం రంగనాథం గారు స్వయంగా వస్తున్నారట. గుడివాడ అవతల చెరువులు చూస్తారట.

"దారి ఎలా ఉంటుంది?" అని ఆయనే ఫోన్లోకి వచ్చి అడిగారు.

"నా జీపు వెళ్లలేని చెరువు లేదు సార్," అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

పటమటలో మా పక్కింట్లో ప్రసాద్ గారని లెక్కల లెక్చరర్. ఆయన దగ్గర ఫారిన్ మ్యాగజైన్ ఒకటుండేది. అందులో జీపులన్నీ కొండలెక్కుతూ ఉండేవి, ఒక్కోటీ మనిషెత్తు. "చాలా సింపుల్ సలీం గారూ," అన్నారు ప్రసాద్ గారు. "మీ జీపుకి కమాన్ కట్టలు, అదే ఆ స్ప్రింగు పట్టీలు, ఇరుసు కింద ఉన్నాయి. వాటిని తీసి ఇరుసు పైన బిగిస్తే జీపు జానెడు లేస్తుంది. అంతే!"

అంతే కదా అనిపించింది. ఆటోనగర్‌లో ఖాదర్ అనే మెకానిక్‌కి మ్యాగజైన్ చూపించాం. ఖాదర్ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, మాకంటే ఎక్కువ సరదా పడిపోయాడు. "చేసేద్దాం అన్నా!" అన్నాడు. జీఎం గారు వచ్చే ముందు రోజు సాయంత్రానికి నాలుగు కట్టలూ పైకెక్కాయి. జీపు నిజంగానే లేచింది. పక్క షెడ్ల వాళ్లు కూడా వచ్చి చూశారు. ఖాదర్ అదే ఊపులో షెడ్డు మూసేసి, చుట్టాల పెళ్లుందని మంగళగిరి వెళ్లిపోయాడు.

షెడ్డులోంచి బయటకి వచ్చే మలుపు ఎడమకి. రాజాలా తిరిగింది. రెండో మలుపు కుడికి. స్టీరింగ్ కొంచెం తిరిగి, 'టక్' మని ఆగిపోయింది. దిగి కిందకి చూస్తే, పైకెక్కిన కమాన్ కట్ట పోయి స్టీరింగ్ రాడ్డుకి అడ్డంగా కూర్చుంది. ఎడమకి ఎంతైనా తిరుగుతుంది. కుడికి మాత్రం రోడ్డు వంపుకి సరిపోయేంత, అంతకు మించి లేదు.

పక్క సీట్లోంచి ప్రసాద్ గారు కిందకి తొంగి చూశారు. "భూమి గుండ్రంగానే ఉంది కదండీ. ఎడమకే పోతూ ఉండండి, ఇల్లు అదే వస్తుంది," అన్నారు. ఆయన మాత్రం దిగి నడిచి వెళ్లిపోయారు.

నేను ఎడమకే పోయాను. మా ఇంటి ముందుకి వచ్చాను కూడా. మా ఆవిడ రజియా గేటు దగ్గరే ఉంది. గేటు కుడివైపు.

"ఎక్కడికండీ వెళ్తున్నారు?"

"ఇంటికే!" అని అరిచి ముందుకెళ్లిపోయాను.

మూడోసారి అటుగా వచ్చేసరికి ఆవిడ గేటు మూసేస్తోంది. జీపు రోడ్డు మీదే వదిలేసి లోపలికెళ్లి అన్నం తిన్నాను.

"పొద్దున్నే టాక్సీ మాట్లాడుకోండి," అంది రజియా. మంచి మాటే. కానీ 'నా జీపు వెళ్లలేని చెరువు లేదు' అన్నాక టాక్సీలో ఎలా వెళ్లను?

తెల్లారకుండానే ఎయిర్‌పోర్టుకెళ్లి, జనం లేని టైములో ముందుకీ వెనక్కీ ఆడించి, జీపు మొహం హైవే మీద సరైన దిక్కుకి పెట్టుకున్నాను. రంగనాథం గారు ఎక్కువ మాట్లాడని మనిషి. జీపు ఎత్తు చూశారు, పంచె కాదు ప్యాంటే కాబట్టి ఎలాగో ఎక్కారు. హనుమాన్ జంక్షన్ దాకా రోడ్డు తిన్నగానే ఉంది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

జంక్షన్‌లో గుడివాడ కుడికి, నూజివీడు ఎడమకి. ఎడమకి తిప్పాను.

"గుడివాడ అటు కదా?" అన్నారాయన.

"ఇటు మన కస్టమర్ ఒకాయన ఉన్నారు సార్. పలకరించి వెళ్దాం."

"ఇటు మామిడి తోటలు కదా?"

"మధ్యలో చెరువు సార్."

నా ప్లాను ఏంటంటే, మళ్లీ ఎడమకి, మళ్లీ ఎడమకి తిరిగి, హైవే దాటి గుడివాడ రోడ్డు మీదకి తిన్నగా వెళ్లిపోవడం. ఎడమకి ఒక మట్టిరోడ్డు దొరికింది. ఆ రోడ్డు ఇంకో రోడ్డుకి కలవలేదు. ఒకాయన దొడ్లోకి వెళ్లి అక్కడితో అయిపోయింది.

అరుగు మీద పెద్దాయన చుట్ట కాలుస్తున్నాడు. రంగనాథం గారు నా కంటే ముందే దిగి నమస్కారం పెట్టారు. "మేత ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండంగా ఉందండీ. వేసింది వేసినట్టు తినేస్తున్నాయి."

"బరువు పెరిగాయా?"

"పెరగవా మరి!"

జీఎం గారు నా వైపు చూసి మెచ్చుకోలుగా తలూపారు. డిపో నాదే అనుకున్నాను.

"మొత్తం ఎన్నుంటాయి?"

"ఆరండీ. అందులో రెండు చూడివి."

రంగనాథం గారు తలూపడం ఆపారు. తర్వాత నెమ్మదిగా, "సలీం, చేపలు చూడి కడతాయా?" అన్నారు.

సరిగ్గా అప్పుడే గేదెలు కాలవలోంచి వచ్చాయి. ఆరూ వచ్చాయి.

"జీపు తిప్పండి, వెళ్దాం," అన్నారాయన ఎక్కి కూర్చుని. దొడ్లోంచి బయటపడాలంటే గడ్డివాము పక్కనుంచి కుడికి తిరగాలి. నేను వాము చుట్టూ ఎడమకి ఒక చుట్టు తిరిగాను. ఇంకో చుట్టు తిరిగాను. ముందుకీ వెనక్కీ ఆడిద్దామంటే గేదెలు అడ్డంగా ఆగి చూస్తున్నాయి.

"కుడికి," అన్నారు జీఎం గారు.

"తిరగదు సార్."

"ఎవరు?"

"జీపు సార్."

"ఎప్పట్నుంచి?"

"నిన్న సాయంత్రం నుంచి సార్."

ఆయన దిగి, వంగి, కింద ఉన్నదంతా ఓపిగ్గా చూశారు. కోప్పడతారేమో అనుకున్నాను. కోప్పడలేదు, దానికే భయమేసింది. పెద్దాయన ఇచ్చిన మజ్జిగ తాగి, జీపు అక్కడే వదిలేసి, ఇద్దరం రోడ్డెక్కి బస్సు పట్టుకున్నాం. గుడివాడలో బస్సు మారాం. నేను దారిపొడుగునా నిలబడే వచ్చాను.

చెరువు దగ్గర బస్సు దిగాం కదా, గట్టు దాకా కొత్తగా రోడ్డు వేసేశారు. బురద లేదు, గుంట లేదు. మా పక్కనుంచి ఒకావిడ లూనా మీద, వెనక పాల క్యాను పెట్టుకుని వెళ్లిపోయింది. రంగనాథం గారు ఆవిడ వెళ్లేదాకా చూసి, నా వైపు చూశారు.

మర్నాడు ఖాదర్‌ని వెంటబెట్టుకుని వెళ్తే, జీపు కింద చల్లగా ఉందని రెండు దూడలు పడుకుని ఉన్నాయి. వాటిని లేపడానికి పెద్దాయన ఒప్పుకోలేదు. అవి లేచేదాకా కూర్చున్నాం.

డిపో మాత్రం నాకే ఇచ్చారండీ, అబద్ధం చెప్పను. ఊళ్లు తిరిగే పని మాత్రం వేరే అతనికి ఇచ్చారు. ఎందుకిలా అని హెడ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి క్లర్కు చెప్పాడు, జీఎం గారు అన్న మాట ఒక్కటేనట: "సలీంని కుర్చీలో కూర్చోబెట్టండి. తిరగడం ఆయన వల్ల కాదు."