సూరమ్మత్త ఇంటికి వెళ్ళిన అమ్మవారు

మా చిన్నవాడికి ఆటలమ్మ పోసింది. అందుకని ఇంట్లో తాలింపు మానేశాం. ఈ పూట పక్కింట్లో ఆవాలు చిటపటలాడిన వాసన గోడ దాటి వచ్చేసరికి వాడు ముఖం ముడుచుకున్నాడు, నాకేమో నవ్వొచ్చింది. నా చిన్నప్పుడు బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఈ వాసన కోసం ఒక పెద్దమనిషి పడ్డ పాట్లూ, ఆయన్ను అలా మాడ్చిన ఇల్లాలూ గుర్తుకొచ్చారు. ఆవిడే సూరమ్మత్త. మాకు చుట్టమేమీ కాదు. ఒకే కప్పు కింద మధ్యగోడకు అవతల ఉండేది. ముఖం నిండా చిన్నప్పటి మశూచి మచ్చలు, గొంతు మాత్రం కంచుగంట. మా తెలుగువాళ్ళలో ఎవరింట పెళ్ళయినా మంగళహారతి పాట ఆవిడదే. ఇంకెవరైనా ఎత్తుకుంటే ఊరుకునేది కాదు.

మా పార్వతక్క పెళ్ళికి పందిరి వేస్తున్న రోజున నాకు నోరు పూసింది. బెల్లం ముక్క పెట్టుకుంటే నాలుక భగ్గుమంది. ఆ హడావుడిలో నా గోల ఎవరికీ పట్టలేదు. సాయంత్రానికి వీపు మీద నీటి పొక్కులు లేచాయి. అమ్మ చూసి వేపమండలు విరిచి తెచ్చింది. అమ్మవారు వెలిసిన ఇంట్లో తాలింపే వేయకూడదు, ఇక పెళ్ళేమిటి? మగపెళ్ళివారు అప్పటికే విజయనగరంలో రైలెక్కేశారు. ఆ సంబంధం కోసం నాన్న చెప్పులరిగేలా తిరిగాడు. అక్క అటు తిరిగి కూర్చుంది. పెళ్ళి నావల్లే ఆగిపోతోందని నాకు ఏడుపు ఆగలేదు.

సూరమ్మత్త వచ్చి నా నోరు తెరిపించి చూసింది. మా గుమ్మానికి కట్టబోతున్న వేపమండలను అమ్మ చేతిలోంచి తీసుకుంది.

"అమ్మోరు నా ఇంటికొచ్చిందని సెప్పు. నాకు సిన్నప్పుడే పోసీసింది, నన్నేటి సేస్తాది? గుంటని నా కాడ ఒగ్గీ."

నన్ను దుప్పట్లో చుట్టి తీసుకుపోయి, ఆ మండలు తన గుమ్మానికి కట్టుకుంది.

ఆవిడ భర్త అప్పన్న మావయ్య గూడ్సు బండి డ్రైవరు. ఇంగువ తాలింపు లేనిదే ముద్ద దిగని మనిషి. డ్యూటీ దిగి వచ్చి గుమ్మం చూసి ఆగిపోయాడు. "అచ్ఛా, అయితే నా కూర సచ్చిందన్నమాట" అని, నా తలగడ పక్కన కూర్చుని చప్పిడి పప్పు తిన్నాడు. ఆ తర్వాత షెడ్డులో ఎవరు కారేజీ మూత తీసినా ఆయన అక్కడ తేలేవాడట.

మగపెళ్ళివారు దిగారు. పెళ్ళికొడుకు పెదనాన్న, రిటైరైన గార్డు, పక్క గుమ్మానికున్న వేపమండలు చూశాడు. కప్పు ఒకటే, గోడ ఒకటే, మరి అమ్మవారు ఒక ఇంట్లో ఉన్నట్టా రెండిళ్ళలో ఉన్నట్టా అని నిలదీశాడు. సూరమ్మత్త తలుపు వెనకనుంచే జవాబిచ్చింది.

"కప్పొకటే బాబూ. గానీ రైలు కంపెనీవోళ్ళు గుమ్మాలకి ఏరే ఏరే నంబర్లేసేరు. నంబరు మారితే ఇల్లు మారినట్టు కాదా? గార్డు పని సేసినోరు, మీకు తెలీదా?"

రైల్వే వేసిన నంబరును కాదనడానికి ఆయనకు మనసొప్పలేదు. మీసం దువ్వుకుని పందిట్లోకి నడిచాడు.

పెళ్ళి జరిగింది. మేళం మోగుతుంటే సూరమ్మత్త నా పక్కనే కూర్చుని, నేను గోక్కోకుండా వేపరెమ్మతో వీపు నిమురుతూ ఉంది. హారతి వేళకు అవతల ఎవరో పాట ఎత్తుకున్నారు, శ్రుతి తప్పింది. అత్త పెదవులు కదిలాయి గానీ గొంతు పైకి రాలేదు. అమ్మవారున్న ఇంట్లో పెళ్ళిపాట పాడకూడదు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ పాడిన మనిషి, తను ఎత్తుకుని తిప్పిన పిల్ల పెళ్ళికి గోడకు చెవి ఆనించి కూర్చుంది. పాడాలని లేదా అత్తా అని అడిగాను.

"ఎందుకు నేదే గుంటా. పాట ఎప్పుడైనా పాడుకుంతాను. పెళ్ళి మల్లీ సేస్తారేటి?"

కళ్ళు ఒత్తుకుని, వెంటనే అవతలివాళ్ళ పాటను వెక్కిరించింది. నోటినిండా పుళ్ళతో నవ్వలేక నేను చచ్చాను. ఆ మనిషంటే నాకు ప్రాణం.

ఎవరికైనా కష్టమొస్తే వెళ్ళి పలకరించి రావడం లోకం తీరు. సూరమ్మత్త నన్ను దుప్పట్లో చుట్టి తీసుకుపోయిన నాటినుంచి నాకు ఉత్త చేతులతో తిరిగి రాబుద్ధి కాదు. ఆ కష్టంలోంచి మా ఇంటికి తెచ్చుకోగలిగింది ఏముందా అని చూస్తాను. ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటూనే ఉంది.