కంపు తీసేయమన్న కథ

ఢిల్లీ మునిర్కాలో నా అద్దెగది కింది ఇంట్లో ఉండే అంకుల్ పోయారు. ఆసుపత్రి నుంచి ఆంటీయే ఫోన్ చేసి చెప్పింది. ఏడవలేదు. "ఇక్కడి వాసనకి కడుపులో తిప్పుతోందమ్మా. వచ్చి కాసేపు నా పక్కన కూర్చో," అంది.

ఆయన కేంద్ర ప్రభుత్వంలో అనువాదకుడిగా చేసి రిటైరయ్యారు. పాత ఢిల్లీ చరిత్ర చదివి కథలు రాసేవారు. నేను ఫిలాసఫీ ఎమ్మే విద్యార్థిని. మనసు గురించి క్లాసులో ఏ కొత్త సంగతి విన్నా పరుగున వచ్చి ఆయనకు అప్పజెప్పేదాన్ని.

ఆయన ఆఖరి కథ, ముట్టడిలో చిక్కుకున్న నగరంలో నీళ్ళు మోసే ఒక మనిషిది. "అతనేం ఆలోచించాడో ఎక్కడా రాయలేదేం అంకుల్?" అని అడిగాను. ఆయన నన్ను మార్కెట్టు వెనక మురిక్కాలవ దగ్గరికి తీసుకెళ్ళారు. మురిక్కాలవ చూడ్డానికి వచ్చామనుకుని కూరగాయల బండివాడు నవ్వాడు.

"అంకుల్‌జీ, నాలా దేఖ్‌నే ఆయే హో?"

"హాఁ భయ్యా, బిటియా కీ క్లాస్ హై."

అమ్మాయికి క్లాసట! నేను ముక్కు మూసుకున్నాను.

"ఆఁ, ఇది ఆ నీళ్ళు మోసేవాడికీ తెలుసు," అన్నారు అంకుల్. "ఎంతమంది చచ్చారో చరిత్ర చెబుతుంది. ఆ గాలి పీలుస్తూ రొట్టె ఎలా మింగారో చెప్పదు. కథ అక్కడ మొదలెట్టాలి. ఇంకొకడి బుర్రలోకి మనం పోలేమమ్మాయ్. ముక్కు దాకా పోగలం, అంతే."

రాసింది పైకి చదివేటప్పుడు ఎడమచెయ్యి పొట్టమీద పెట్టుకునేవారు. "అచ్ఛా, కడుపులో తిప్పట్లేదు," అని ఆ వాక్యం కొట్టేసేవారు. నేను ముచ్చటపడి రాసుకున్న 'దుర్గంధం' కొట్టేసి 'కంపు' అని రాసిందీ ఆయనే. ఆ ఒక్క మాటతో నా పేజీకి ప్రాణం వచ్చింది.

సంతాపసభలో తెలుగు సంఘం కార్యదర్శి మైకు పట్టుకుని, "ఆఖరి శ్వాసలోనూ ఆయన మన సంఘాన్నే తలచుకున్నారు," అన్నాడు. చప్పట్లు కొట్టారు. అంకుల్ చివరి రోజుల్లో స్పృహలోనే లేరు.

"పక్కనే ఉన్నాను, నాకే తెలీదు," అని గొణిగింది ఆంటీ. "ఈయనకెట్లా తెలిసిందంట?"

తర్వాత సమోసాలు పంచారు. కార్యదర్శి అంకుల్ ఆఖరి కథ కాగితాలతో నా దగ్గరికి వచ్చాడు. "మన సంఘం పత్రిక స్పెషల్ ఇష్యూలో వేద్దాం. ఆ శవాలు, ఈగలు, కంపు తీసెయ్. ఫ్యామిలీస్ చదువుతారు కదా. చివర్లో ఆ నీళ్ళు మోసేవాడు దేశాన్ని తలచుకుంటూ ప్రాణం వదిలినట్టు ఓ పేరా కలుపు. నీ భాష బావుంటుంది."

చేతిలో సమోసా పక్కన పెట్టేశాను. చచ్చినవాడి తలలోకి చెప్పులతో నడిచి వెళ్ళి, తన మాటలు పెట్టి రావడం! ఇందాక మైకులో అంకుల్‌కి అదే చేశాడు. ఇప్పుడు అంకుల్ సృష్టించిన మనిషికీ చేయమంటున్నాడు. మురిక్కాలవ దగ్గర కూడా నాకింత రోత పుట్టలేదు.

"నేను రాయనండీ."

"ఠీక్ హై, రాసేవాళ్ళు బోలెడుమంది."

ఆంటీ లేచి వచ్చి చెయ్యి చాచింది. "ఆ కాయితాలిటివ్వండి."

"మేడమ్, ఆయనకి గౌరవంగా ఉండాలని..."

"ఉన్నదున్నట్టు వేస్తారా?"

"అలా కష్టమండీ."

"అయితే వద్దు."

అంకుల్ కథలు ఆంటీ ఇన్నేళ్ళలో ఒక్కటీ చదవలేదు. ఆ సాయంత్రం ఇంటికి రాగానే చీరైనా మార్చుకోకుండా, కళ్ళజోడు పెట్టుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. నీళ్ళు మోసే మనిషి శవాల మధ్య నుంచి బావి దగ్గరికి నడిచే చోటికి వచ్చేసరికి, ఆమె చెయ్యి తెలియకుండానే చీరకొంగును ముక్కుకు అడ్డం పెట్టింది. రెండో చేత్తో పేజీ తిప్పింది.