పాదుషాకు రెండు సీన్లు

హాంబర్గ్‌లో శనివారం తెలుగు బడి పిల్లలతో నేను వేయించిన ఒకే ఒక్క నాటకంలో కథానాయకుడు, గోల్కొండను ముట్టడించిన మొగలు పాదుషా. కన్నతండ్రిని బందీ చేసి, అన్నదమ్ములను అడ్డు తొలగించుకుని గద్దెనెక్కినవాడు. అంత సామ్రాజ్యం చేతిలో ఉన్నా సొంత ఖర్చులకు టోపీలు కుట్టుకునేవాడని చెప్పుకునేదీ అతని గురించే. గుళ్ళు కూలగొట్టించాడు, కొన్ని గుళ్ళకు భూములిచ్చాడు. అలాంటి మనిషిని పదేళ్ళ పిల్లల చేత ఆడించాలనుకోవడం నా బుద్ధితక్కువ అని తరవాత చాలామంది చెప్పారు. ముందు మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ముఖ్యంగా అక్క చెప్పలేదు. అక్క అంటే తోడబుట్టింది కాదు, బడి నడిపే వరంగల్ ఆవిడ. ఉద్యోగానికి ఈ ఊరొచ్చిన కొత్తలో ఇల్లు దొరక్క నేను నానా తిప్పలు పడుతుంటే, రెండు నెలలు తన ఇంట్లో పెట్టుకుంది. ఈ ఊళ్ళో ఉంటున్నట్టు ఆఫీసులో రాయించుకునే అన్‌మెల్డుంగ్ కూడా ఆ చిరునామాకే చేయించింది. ముక్కూ మొహం తెలియని మనిషి పేరును తన ఉత్తరాల పెట్టె మీద అంటించుకోవడం ఇక్కడ చిన్న సంగతి కాదు. అప్పటినుంచి ఆవిడ మాట నాకు వేదవాక్కు.

మొదట కోట ముట్టడి, గుడి కూల్చడం, ఇవే రాశాను. రిహార్సల్‌లో పాదుషా వేషం వేస్తున్న పిల్ల "గుట్ ఓడర్ బ్యోజె?" అని అడిగింది. మంచివాడా, చెడ్డవాడా అని. నేను అక్క వైపు చూశాను. అక్క తడుముకోలేదు.

"రెండూ పెట్టు చెల్లె. గుడికి భూమిచ్చిన సీను గూడ రాయి. పిల్లలకు సగమే జెప్తే అబద్ధం జెప్పినట్టే."

నాకు ఒళ్ళు పులకరించింది. మర్నాడే రాసి చూపిస్తే, ఆవిడే రెండు డైలాగులు దిద్దింది.

నాటకం రోజు గుడి కూలే సీను దాకా అందరూ బాగానే చూశారు. పాదుషా పూజారికి భూమి పత్రం ఇస్తుండగా ముందు వరసలో ఇద్దరు తండ్రులు లేచి వెళ్ళిపోయారు. నేను ఇల్లు చేరేలోపే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు అంటుకుంది. పిల్లలకు ఏం నేర్పుతున్నారు, ఆ సీను రాసిందెవరు అని. ఎస్-బాన్ రైల్లో నిలబడి జవాబు టైపు చేస్తుంటే అక్క మెసేజ్ వచ్చింది.

"మా చెల్లె చిన్నది, తెలువక రాసింది. ఆ సీను నేను జూడలేదు. నా మొఖం జూసి మాఫ్ జేయుండ్రి."

చివర మూడు దండాలు.

నాకు ముప్పై రెండేళ్ళు. చిన్నదాన్నట! తిట్టినా ఇంత మండేది కాదు. వెనకేసుకొస్తున్నట్టే ఉంటూ నన్ను నిలువునా ముంచింది. టైపు చేసిందంతా చెరిపేశాను. గ్రూపంతా ఆవిడ పెద్దమనసును మెచ్చుకుంది. నన్ను మాత్రం ఇక బడికి రావద్దన్నారు.

పాదుషా సంగతి వేరు. పోయి మూడొందల ఏళ్ళు దాటింది, ఆయనలోని ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటం తేలిక. ఆయన నాకు అన్నం పెట్టలేదు.

తరవాతి శనివారం వానలో బడి బయట నిలబడి, అక్క రాగానే ముఖం మీదే అడిగాను. "ఆ సీను రాయమన్నది మీరే కదక్కా?"

"అవు, నేనే" అంది. "నువ్వు ఇయ్యాల గాకపోతే రేపు ఇంకో ఊరికి పోతవ్. నా పిల్లలు వీళ్ళ పిల్లలతోనే పెరగాలె గదా."

కళ్ళు కూడా దించుకోలేదు. పైగా జారిపోయిన నా మఫ్లర్‌ను చెవుల మీదికి లాగి, "గాలి బాగ గొడ్తున్నది, జెర పైలం" అంది. ఆ చేతిని విదిలించి కొట్టాల్సింది. ఇప్పటికీ నా మీద నాకు అదే కోపం. సర్దడం అయ్యేదాకా మెడ వంచి నిలబడ్డాను.