శనివారం ఫోను

అమెరికాలో మేముండే ట్రాయ్‌కి పక్క ఊళ్ళోని యూదుల ప్రార్థనా మందిరం వాళ్ళు, ప్రాణభయంతో ఆశ్రయం కోరి వచ్చిన ఒక జంటను ఆదుకున్నారు. భర్తను ఇమిగ్రేషన్ వాళ్ళు డిటెన్షన్‌లో నిర్బంధించారు. భార్యకు వీళ్ళే గది చూశారు, లాయర్ని పెట్టారు. అతనికి కంఠతా వచ్చిన నంబరు ఒక్కటే, మందిరం వాళ్ళ హెల్ప్ ఫోనుది. అయితే వాళ్ళ మతాచారం ప్రకారం శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటి పడేదాకా వాళ్ళు ఫోను ముట్టరు. ఆ ఒక్కరోజూ అది నా దగ్గర ఉండేది. రిటైరైన డాక్టర్ని, హిందువుని, నాకేం పట్టింపు! మోగితే ఎత్తి లాయర్‌కి చెప్పడం, అంతే నా పని.

ఆ శనివారం శరణార్థుల కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టి నన్నూ పిలిచారు. పట్టుచీర కట్టుకుని తగుదునమ్మా అని వెళ్ళాను. అతని భార్య సరిగ్గా నా ముందు వరసలోనే కూర్చుంది. హాల్లో ఒక్కరి చేతిలోనూ ఫోను లేదు. ఇక్కడ మోగితే ఎంత అప్రతిష్ఠ అనుకుని, నా బుద్ధి గడ్డి తిని, సైలెంట్‌లో పెట్టి బ్యాగులో పడేశాను.

బయటికొచ్చి చూస్తే ఏడు మిస్డ్ కాల్స్, అన్నీ డిటెన్షన్ సెంటర్‌వే. ఆ నంబరుకి మనం తిరిగి చేయడానికి వీల్లేదు. లాయర్ కనుక్కునేసరికి అతన్ని తిరిగి వాళ్ళ దేశానికి విమానం ఎక్కించేశారు. దిగాక ఏమయ్యాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఇంట్లో మా ఆయన తల పట్టుకున్నారు. “వాళ్ళ శనివారం వాళ్ళు పాటిస్తారు. నీకెందుకే? నిన్ను పెట్టుకుందే ఫోన్ లిఫ్ట్ చేయడానికి కదా!”

వాళ్ళ గురువుగారు మాత్రం పల్లెత్తు మాట అనలేదు. “మోగిందని తెలిస్తే మేమే ఎత్తేవాళ్ళం. ప్రాణం కంటే శనివారం ఎక్కువ కాదమ్మా,” అన్నారంతే. తిట్టినా బాగుండేది.

వారం తర్వాత అతని భార్య గదికి వెళ్ళాను. మంచం అంచున కూర్చుని, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

“ఎన్నిసార్లు చేశాడు?”

ఏడుసార్లని చెప్పడానికి నోరు రాలేదు. వింటే ఆమె గుండె పగిలిపోతుందనుకున్నాను. అబద్ధమెందుకు, నన్ను నేను కాపాడుకున్నాను.

“ఒక్కసారే,” అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది.

“ఒక్కసారేనా? ఇంకోసారి చేద్దామని అనిపించలేదా ఆయనకి?”

నిజం ఇప్పటికీ చెప్పలేదు.