అక్క చేతి కట్ట

నా పెళ్లి మా అక్క చేసిన బీడీలతో కుదిరింది. ఇప్పుడైతే నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పట్లో తలుచుకుంటే ముద్ద దిగేది కాదు.

మాది ఎల్లారెడ్డి వైపు రాజంపేట. మా వైపు పిల్లను చూడవచ్చినవాళ్లు వంట వచ్చా అని అడగకముందే బీడీలు వచ్చా అని అడుగుతారు. నాకు వచ్చు. కానీ ఒకటి చేసినట్టు ఇంకొకటి చేయడం రాదు. అందరం తునికాకు మీద ఒకే కొలత ఇనుప రేకు పెట్టి కత్తిరిస్తాం, తంబాకు ఒకటే, దారం ఒకటే. అయినా నా చాటలో ఒక బీడీ బొద్దుగా, ఒకటి సన్నగా, ఒకటి మూతి ముడుచుకుని అలిగినట్టుగా తయారయ్యేవి. కార్ఖానాలో సేటు సగం తీసి పక్కన పడేసేవాడు. "చెయ్యి కుదురుగుండదా నీకు?" అని అమ్మ మొత్తుకునేది. కుదురుగా చేస్తే నాకు నిద్ర ముంచుకొచ్చేది మరి. అక్క అలా కాదు. తన కట్టలో ఇరవై అయిదూ ఒక్క కడుపున పుట్టినట్టుండేవి. మేమిద్దరం ఒక్క కడుపున పుట్టామంటే మాత్రం ఎవరూ నమ్మేవారు కాదు.

ఎల్లారెడ్డి నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి ఫోటో ఫోన్లో చూసినప్పుడే నాకు నచ్చాడు. ఎదురుగా కూర్చుంటే ఇంకా నచ్చాడు. చాయ్ తాగాక వాళ్ల అమ్మ, "బిడ్డ చేసిన కట్ట ఒకటి చూపియ్యుండ్రి" అన్నది. మా అమ్మ తడుముకోకుండా లోపలికి వెళ్లింది. నాలుగు రోజులుందామని అత్తవారింటి నుంచి వచ్చిన అక్క గుమ్మంలో నిలబడి ఉంది. తను పొద్దున చేసిన కట్టనే అమ్మ తెచ్చి, నాదేనంటూ అబ్బాయి వాళ్ల అమ్మ చేతిలో పెట్టింది. నేను ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. నిజం చెబితే అబ్బాయి చేజారిపోతాడని భయం. ఆమె కట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "చెయ్యి మంచిగున్నది" అన్నది. పెళ్లి ఖాయమైంది.

ముహూర్తానికి నెల రోజులుంది. అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తన చేతివాటం నాకు నేర్పాలని నానా తంటాలు పడింది. చివరికి విసిగిపోయి, "నీకు నేర్పుడు నాతోని గాదు" అని చాట లాక్కుంది.

పెళ్లయిన అయిదో రోజు మా అత్తమ్మ అరుగు మీద రెండు చాటలు పక్కపక్కన పెట్టి నన్ను పిలిచింది. అక్కను తలుచుకుంటూ, ఊపిరి బిగబట్టి చుట్టడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి పదో పన్నెండో అయ్యాయి, మెడ మాత్రం పట్టేసింది. అత్తమ్మ బీడీల వైపు చూడడం లేదు, నా వైపే చూస్తోంది.

"ఏందే పిల్లా, ఎవరి చెయ్యి తెచ్చి పెట్టుకున్నవ్?"

ఏడుపు తన్నుకొచ్చింది. కట్ట సంగతి మొత్తం చెప్పేశాను. ఇక పుట్టింటికి పంపేస్తుందని, బట్టల సంచీ ఏ మూల పెట్టానో కూడా గుర్తు చేసుకున్నాను. ఆమె పకపకా నవ్వింది.

"నాకు గా దినమే తెల్సింది. చేసినోళ్లు కట్ట దిక్కు చూస్తరు. మీ అక్క కట్టనే చూసింది. నువ్వు నా మొఖం చూసినవ్."

"మరి నన్నెందుకు చేసుకున్నరు అత్తమ్మా?"

"మీ అక్కకు లగ్గమైపాయె. లేకుంటే ఆమెనే అడుగుతుంటి. ఇగ నా కొడుకు నిన్ను చూసినకాంచి ఒకటే ఇకిలిచ్చుడు. ఏం జెయ్యాలె?"

నాకు నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. అంతకంటే ఎక్కువగా, ఒళ్లంతా తేలికైపోయింది.

"ఇగ నీ చెయ్యి ఏం జేస్తదో జెయ్యనియ్యి, చూస్త" అన్నది అత్తమ్మ.

నేను బీడీ చుట్టలేదు. కత్తిరించగా మిగిలిన ఆకు ముక్కలు ఏరుకుని, దారంతో కట్టి ఒక పిట్టను చేశాను. తోక పైకెత్తిన పొగరుబోతు పిట్ట. అత్తమ్మ దాన్ని వేలి మీద నిలబెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తన చాట పక్కకు జరిపి, తనూ ఒక ఆకు ముక్క తీసుకుంది.

ముప్పై ఏళ్లుగా ఒకే పని చేసిన వేళ్లు. ఆకు తగిలితే చాలు, చుట్టేస్తున్నాయి. "థూ, గిది గూడ బీడీయే అయితున్నది!" అని విసిరేసి ఇంకో ముక్క అందుకుంది. అదీ విసిరేసింది. కొడుకు అన్నానికి వస్తే, "గిన్నెల ఉన్నది, పెట్టుకో పో" అని తల ఎత్తకుండానే చెప్పింది. పాపం, కొత్త పెళ్లికొడుకు తనే వడ్డించుకుని తిన్నాడు.

చివరికి నాలుగు కాళ్లున్నదేదో అరుగు మీద నిలబడింది. ఒక కాలు పొట్టిది కావడంతో పక్కకు ఒరిగి ఉంది. పొద్దున్నుంచి నా తప్పులే బయటపడ్డాయి కదా, ఆమెది ఒక్కటైనా దొరికిందని హుషారుగా కత్తెర అందుకున్నాను.

"తక్కిన మూడు కాళ్లు కొంచెం కత్తిరిస్తే సక్కగ నిలబడ్తది అత్తమ్మా."

ఆమె గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టకు! మద్నూర్ల నా తల్లిగారింట్ల మా బాపు ఎద్దు ఇది. గిట్లనే కుంటుతుండె."