సామ్యేలు గారి వయొలిన్లు

మొగిలమ్మత్తకు సంగీతం తెలియదు. కాశిబుగ్గ మలుపులో ఆకుకూరలు అమ్ముతుంది. పాలకూర కట్టలో ఒక్క వాడిన ఆకు కనబడినా తీసి పారేస్తుంది కానీ, బేరమాడే వాళ్లను మాత్రం వదలదు. "ఫిరీగ తీస్కపో బిడ్డా, మిగిలిన పైసలతోని బంగ్ల కట్టుకో" అంటుంది. ఆమె భర్త సామ్యేలు గారు మిల్లులో వాచ్‌మన్‌గా చేసి, మూడేళ్ల కిందట పోయారు. ఆయన చర్చిలో పాడితే శ్రుతిదొక దారి, ఆయనదొక దారి. పదిహేనేళ్లుగా అక్కడ కీబోర్డు వాయిస్తున్నవాణ్ని కనుక ఆ బాధ నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

మా చర్చిలో పోయినవాళ్ల పేరు మీద ఏదో ఒకటి ఇవ్వడం ఆనవాయితీ. ఫ్యాన్ల రెక్కల మీద, బెంచీల వెనక, గోడ గడియారం కింద, ఎక్కడ చూసినా ఫలానా వారి జ్ఞాపకార్థం అని రాసి ఉంటుంది. మొగిలమ్మత్త రెండేళ్లు కూడబెట్టి నా దగ్గరికి వచ్చింది.

"ఫ్యాన్లు శానున్నయి. ఆయనకు పాటలంటే పానం. పాటకు పనికొచ్చేది ఏదన్న జూడు విన్సెంటూ. గుళ్లె ఆయనదంటు ఒకటుండాలె" అంది.

కంప్యూటర్ సింథసైజర్ల గురించి అడిగితే నేను గంటసేపు చెప్పగలను. సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లో వేసుకుని కీబోర్డుకు కలిపితే, ముప్పై మంది ఒక్కసారి వయొలిన్లు వాయించినట్టు మోగుతుంది. అత్త ఇచ్చిన డబ్బుకు రెండు దారులున్నాయి. వయొలిన్ల సెట్ ఒక్కటే కొనేస్తే ఎప్పటికీ మనదే. అదే డబ్బుతో ఏడాది సబ్‌స్క్రిప్షన్ కడితే వయొలిన్లతో పాటు వీణ, సన్నాయి, డప్పు, ఇంకా నాలుగు వందల వాద్యాలు వస్తాయి. ఏడాది కాగానే అన్నీ మూతపడతాయి.

నేను సబ్‌స్క్రిప్షనే కట్టాను. చర్చికి కావలసింది వయొలిన్లే. మిగిలినవన్నీ నాకు కావాలి. పెళ్లిపాటలు, బతుకమ్మ పాటలు రికార్డింగ్ చేసి బతికేవాణ్ని. నెలకు నాలుగు పాటలు చేసేవాడికి సబ్‌స్క్రిప్షన్ దండగేమీ కాదు, నిజంగానే లాభం. లెక్క సరైనదే, కాకపోతే అది నా లెక్క. డబ్బు మాత్రం అత్తది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మా పాస్టరయ్యగారు ల్యాప్‌టాప్ మీద చెయ్యిపెట్టి ప్రతిష్ఠ ప్రార్థన చేశారు. సామ్యేలు గారి పేరున్న స్టిక్కరును దాని మూతకు అంటించాం. ల్యాప్‌టాప్ నాది, అందులోని వాద్యం అద్దెది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం నుంచి అత్త ముందు బెంచీకి మారింది. వయొలిన్లు మోగినప్పుడల్లా పక్కావిడను మోచేత్తో పొడిచి "మా ఆయన" అనేది.

ఏడాది నిండే తేదీ నాకు గుర్తుంది. ఆ నెల పని తక్కువగా ఉండి మళ్లీ కట్టబుద్ధి కాలేదు. కీబోర్డులో పాత వయొలిన్ శబ్దం ఒకటి ఎలాగూ ఉంది, తేడా ఎవరు పోల్చుకుంటారులే అనుకున్నాను. పాటల బృందం పోల్చుకోలేదు. అయ్యగారూ పోల్చుకోలేదు. ఆరాధన అయ్యాక అత్త వచ్చి నిలబడింది.

"ఇయ్యాల మా ఆయన సప్పుడు ఇనరాలేదేంది బిడ్డా?"

"ఖరాబైందత్తా. రిపేరుకిచ్చిన."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం. అంతటితో పోతుందనుకున్నాను. తర్వాతి ఆదివారం అయ్యగారు ప్రార్థన మనవుల చీటీలు చదివారు. దవాఖానలో ఉన్న ఇద్దరి పేర్ల తర్వాత, సామ్యేలు గారి జ్ఞాపకార్థపు వాయిద్యం తొందరగా బాగుకావాలని ఒక చీటీ. నూట యాభై మంది తలలు వంచి, చెడిపోని దాని కోసం దేవుణ్ని వేడుకున్నారు. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను.

మర్నాడు పొద్దున్నే కాశిబుగ్గ వెళ్లాను. అత్త గోంగూర మీద నీళ్లు చల్లుతోంది. ఎదురుగా గొంతుక్కూర్చుని అంతా చెప్పేశాను.

"అది ఖరాబు కాలేదత్తా. కొనలే, కిరాయికి తెచ్చిన. యాడాది అయిపోయింది, బందైంది. నీ పైసలతోని కొనేటిదే ఉండె. నా పనికి అక్కరకొస్తదని గిట్ల చేసిన."

తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆమె చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టింది.

"నా పైసలతోని కొంటత్తా. ఈసారి సొంతానికే" అన్నాను.

"కొను బిడ్డా, కాదంటనా" అంది. గోంగూర కట్టలు సర్దుతూ మళ్లీ తనే అంది: "పదకొండు ఇండ్లు మారినం. ఆయన పోయిననాడు దవాఖాన నుంచి తెస్తే ఇంటామె లోపలికి రానియ్యలే. కిరాయి ఇండ్లల్ల పీనుగును వెట్టనియ్యరు గదా. రోడ్డు మీదనే టెంటేసి పండవెట్టినం. అందుకే, ఎవ్వలు ఖాళీ చెయ్యమననిది ఆయనకు ఒక్కటన్న ఉండాలనుకున్న."

ఆ రోజు ఆ టెంటు కింద కీబోర్డు వాయించింది నేనే. ఆయనను రోడ్డు మీద ఎందుకు పడుకోబెట్టారని అడగాలని కూడా నాకు తోచలేదు.