ఐదో వాల్వు మీద ఎర్రచుక్క

ఆదోని, ఎమ్మిగనూరు ప్రజలందరికీ తెలియజేయడమేమనగా... పాత రేడియో వెనక అట్ట విప్పే ముందు, దగ్గర్లో కన్నకొడుకులెవరూ లేకుండా చూసుకోవలెను!

మా చిన్నప్పుడు... ఎమ్మిగనూరులో మా వాల్వు రేడియో మూగబోతే, నాయన దాన్ని దుప్పట్లో చుట్టుకుని బస్సులో ఆదోనికి పోయేవాడు. అక్కడ రిపేరు చేసే బాషా మామ ఆయనకు ప్రాణస్నేహితుడు. అయినా అనుమానం అనుమానమే... మంచి పార్టు తీసుకుని పాతది పెడతాడేమోనని, బయల్దేరే ముందు లోపలుండే ఐదు గాజు వాల్వుల మీదా ఎద్దుకొమ్ములకు పూసే ఎర్ర రంగుతో చుక్కలు పెట్టేవాడు. తిరిగొచ్చాక అట్ట విప్పి, చుక్కలు చూసుకున్నాకే అన్నం.

ఒకసారి నాయన కాళ్ళు కడుక్కుని వచ్చేలోపు, నేనే అట్ట విప్పి కిరసనాయిలు గుడ్డతో ఐదో చుక్క తుడిచేశాను. ఊరికే... ఆయన మొహం ఎట్లా మారుతుందో చూద్దామని!

మారింది. రేడియో చంకన పెట్టుకుని, నన్ను లాక్కుని మళ్ళీ బస్సెక్కాడు.

"నేను పెట్టిన ఎర్రసుక్క లేదు దీని మీద. యాడ అమ్మినావప్పా నా వాల్వు?"

"ఖుదా కసమ్ అన్నా, అది నీదే! ఇన్నాళ్ళూ సుక్కలు పెట్టి నన్ను పరీక్ష సేసినావా?" బాషా మామ చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పడేశాడు.

నా నోట్లో మామ ఇచ్చిన బిస్కెట్టు... నోరు విప్పలేదు. నాయన రేడియోను పక్కనున్న గుజిరీ అంగట్లో పాత ఇనుము మీద పడేసి వచ్చాడు. అంతే... ముప్పై ఏళ్ళు దాటినా ఇద్దరికీ మాటల్లేవు.

మొన్న అదే గుజిరీలో, పాడైన మిక్సీల కింద మా రేడియో కనిపించింది! నా చూపు పసిగట్టి అంగడాయన, "ఏందన్నా, లోపల బంగారముందా?" అంటూ తనే ముందు విప్పాడు. ఐదో వాల్వు అడుగున, నా గుడ్డ తగలని చోట, చిన్న ఎర్ర మరక...

తెచ్చి నాయన ముందు పెట్టాను. "సూడు, బాషా మామ మార్చలేదు."

అద్దాలు తుడుచుకుని చూశాడు. వాసన చూశాడు. నన్నూ చూశాడు.

"ఏందో వాసన వస్తాందే?"

"గుజిరీ వాసనలే నాయనా."

వాల్వును ఇంకోసారి తిప్పి చూసి, నా చేతిలో పెట్టాడు. "బాషాకు ఫోను కలుపు" అన్నాడు.

ఇప్పుడు వస్తువు పాడైతే పారేస్తున్నాం... అనుమానించి పోట్లాడడానికైనా ఒక మనిషి మిగలడం లేదు.

మీ ఇళ్ళల్లో చుక్కలు పెట్టినవాళ్ళు, తుడిచినవాళ్ళు ఉంటే కింద కామెంట్లలో ఒప్పుకోండి. నేనే మొదలుపెడతా... మొన్న దొరికింది మా రేడియో కాదు. ఆ మరక మా పాప గోళ్ళ రంగు.

నాయనకు మాత్రం చెప్పకండి... ఆదోనిలో బాషా మామ ఇంట్లో టీ తాగుతున్నాడు.